అరవై నాలుగో కాగితం

సోమవారం ఉదయం ఆరున్నరకు కృపామణి అమెరికాలో, ఎడిసన్ ఊళ్లోని యూదుల ప్రార్థనామందిరం వెనుక, రీసైక్లింగ్ డబ్బాలోకి నడుము దాకా వంగి ఉంది. ఏడింటికి లారీ వస్తుంది. ఈలోపు అరవై నాలుగు కాగితాలు చేతికి రావాలి. రాకపోతే, మూడేళ్లుగా ప్రతి ఆదివారం తమ తెలుగు సంఘానికి తెరుచుకుంటున్న తలుపు మూసుకుపోతుంది.

తప్పు చేయించింది కృతజ్ఞతే. గుంటూరులో నాన్న పక్కన కూర్చుని బైబిలు చదవడం నేర్చిన నాటి నుంచీ, యెహోవా అన్న పేరు ఆమె నోట అన్నం మాటంత సహజంగా పలుకుతుంది. హాలిచ్చినవారిని గౌరవిద్దామని, ఆ పేరును వారి హీబ్రూ అక్షరాల్లోనే పాటల కాగితం మీద అచ్చు తీసింది. ఆరాధన ముగిశాక, పందొమ్మిదేళ్లుగా ఫార్మసీలో మందులు సర్దిన అలవాటుతో హాలంతా అద్దంలా తుడిచి, కాగితాలన్నీ పారేసింది.

ఆరింటికి హర్షెల్ ఫోన్ చేశాడు. మందిరం బాగోగులు చూసే ముసలాయన. వీళ్ల పాట మొదలవగానే చీపురు పట్టుకుని బయటికి పోయే మనిషి. "ఆ పేరు మేం పైకి పలకం. రాసిన కాగితాన్ని పారేయం, పాతిపెడతాం. మా అక్షరాలు, మా చెత్తడబ్బాలోనా?" అన్నాడు.

పాస్టరు గారికి చెబితే ఆయన విసుక్కున్నాడు. "జిరాక్స్ కాగితాలకి ఇంత రభసెందుకు సిస్టర్? సారీ అని మెయిల్ పెడదాం. మీరు డ్యూటీకెళ్లండి."

"మెయిల్ మీరు పెట్టండి పాస్టరు గారూ. పారేసిన చెయ్యి నాది."

అరవై మూడు దొరికాయి. మిగిలిన ఆ ఒక్కటీ ఎక్కడుందో ఆమెకు తెలుసు. దాంతో ఒలికిన టీని తుడిచి, వంటగది చెత్తసంచిలో వేసింది తనే. ఎన్ని అచ్చు వేసిందో హర్షెల్‌కు తెలియదు. లారీ మలుపు తిరిగిన చప్పుడు వినిపించింది.

"అన్నీ వచ్చాయా?" వెనక తలుపు తీసుకుని వచ్చిన హర్షెల్ అడిగాడు.

కృపామణి డబ్బా పక్కనున్న వంటగది నల్లసంచి ముడి విప్పి, తడి కాగితం బయటికి తీసింది. "ఇంకొకటి ఉంది. దీంతో నేను టీ తుడిచాను."

హర్షెల్ ఆ గోధుమరంగు మరకను వంగి చూశాడు.

"పాలు పోసిన టీనా?"

"అల్లం కూడా వేశాను."

అతడు రెండు చేతులా కాగితాన్ని అందుకున్నాడు. "ఇది ముందు ఆరాలి. పాతిపెట్టేదాకా దాచే పెట్టెలో తడిగా పెడితే, అందులోని పాత పుస్తకాలకు బూజు పడుతుంది."

లారీ డబ్బాను ఎత్తి, గుమ్మరించి వెళ్లిపోయింది.

"ఆదివారం హీటర్ తొమ్మిదింటికి వేస్తాను. కాగితాల మీద మీ అక్షరాలే ఉండనివ్వండి."

"మరి పాటలో ఆ పేరు?" అడిగింది కృపామణి.

"ఆ వేళకు నేనెప్పుడూ పార్కింగ్‌లో ఆకులు ఊడుస్తుంటాను కదా," అన్నాడు హర్షెల్, చీపురు కోసం వెతుక్కుంటూ.