గుట్ట దారికి అడ్డంగా కూర్చున్న రోజు

"గుట్ట మీద చెట్లు మళ్ళ కొడుతున్నరు బిడ్డా. నీ ఫోన్ల ఫోటోలు మంచిగొస్తయి గద, ఒక్కసారి రా" అని గంగామణి చిన్నమ్మ ఫోన్ చేసింది, ఫిబ్రవరిలో ఒక సాయంత్రం. నాది సికింద్రాబాదులో చిన్న టైలరింగు షాపు. పెళ్ళిళ్ళ సీజను, కుట్టాల్సిన జాకెట్లు కుప్పగా పడున్నాయి. అయినా షట్టరు దించేసి మర్నాడు పొద్దున్నే కాచిగూడలో నిజామాబాద్ రైలెక్కాను.

జనరల్ పెట్టెలో కామారెడ్డి దాకా నిలబడే వెళ్ళాను. అక్కడ కిటికీ పక్కన సీటు దొరికింది. సిర్నాపల్లి దగ్గర రైలు గుట్టల మధ్య నుంచి పోతుంది. ఆకు రాల్చిన టేకుచెట్లు, అక్కడక్కడ ఎర్రగా పూసిన మోదుగలు. ఆ దారిన వెళ్ళేవాళ్ళు అప్పుడు నిద్రపోవద్దు. ఎదురుగా కూర్చున్న అవ్వ కూడా బయటికే చూస్తోంది. "గీడ ఇంక అడవి మిగిలింది. మా దిక్కు గుట్టలు గొరిగిన గుండ్ల లెక్క అయినయి" అంది.

నిజామాబాదులో దిగేసరికి పది దాటింది. బస్టాండులో ఇడ్లీ తిని, చాయ్ తాగి, బోధన్ బస్సు ఎక్కి ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకున్నాను. ఎడపల్లి దాటాక రోడ్డంతా చెరకు ట్రాక్టర్లే. ఒక చోట బస్సు వాటి వెనక నత్తలా నడిచింది. బోధన్ మార్కెట్లో తెలుగూ మరాఠీ కలిపి బేరాలాడుతున్నారు. అక్కడ జామకాయలు కొనుక్కుని వర్ని వైపు పోయే షేర్ ఆటో ఎక్కాను. ఊరి పేరు మాత్రం రాయను. వద్దని చిన్నమ్మ నా దగ్గర మాట తీసుకుంది.

ఆమె మా అమ్మకు చెల్లెలు. బీడీలు చుడుతుంది, గుట్ట కింద కొద్దిగా పొలం చేస్తుంది. జొన్నరొట్టె, పప్పు పెట్టి, నేను చెయ్యి కడుక్కోగానే పొలానికి తీసుకుపోయింది. సగం మడిలో వరి పచ్చగా ఉంది. మిగతా సగం ఎర్రటి మొరం, గులకరాళ్ళు.

"పోయిన వానకాలం గుట్ట మీదికెల్లి కొట్టుకొచ్చింది. నారు మునిగింది, మడి మునిగింది. చెట్లున్నన్ని రోజులు వాన నిమ్మలంగ దిగుతుండె. ఇప్పుడు పడ్డది పడ్డట్టే ఉరికొస్తుంది. మల్ల ఎండకాలం రాకముందే బాయిల నీళ్ళుండయి."

తల ఎత్తి చూశాను. గుట్టకు ఒక పక్క అడవి, ఒక పక్క మొండి మోళ్ళు. దుంగలు ఈడ్చుకొచ్చిన చారలు కిందిదాకా కనబడుతున్నాయి. ఆ చారల వెంటే నీళ్ళు వచ్చాయని ఎవరూ చెప్పనక్కర్లేదు. నాకు ఒళ్ళు మండింది.

మర్నాడు తెల్లవారాక పది పదిహేనుమంది ఆడవాళ్ళం గుట్ట దారికి చేరాం. మంచు ఇంకా విడలేదు. పైన గొడ్డలి దెబ్బలు వినిపిస్తున్నాయి. కాసేపటికి దుంగల ట్రాక్టరు మూలుగుతూ దిగింది. చిన్నమ్మ దారి మధ్యన చాప పరిచి కూర్చుంది. మేమంతా ఆమె వెంట కూర్చున్నాం. డ్రైవరు బ్రేకు తొక్కాడు.

"అక్కా, లేవుండ్రి. నాకేం తెల్వది, నడుపుమంటే నడుపుతున్న" అన్నాడు.

"నీ మీద మాకు పగ లేదు తమ్మీ. ఇంజను బందు జెయ్యి. డీజిలన్న మిగులుతది" అంది చిన్నమ్మ.

గంటకల్లా చెట్లు కొట్టిస్తున్న కాంట్రాక్టరు మోటారు సైకిలు మీద వచ్చాడు. తెల్లచొక్కా, చేతికి కడియం. దిగుతూనే గొంతు పెంచాడు. "ఎవలిచ్చిండ్రు మీకు పర్మిషను దారి ఆపనీకె?"

"చెట్లు కొట్టనీకె నీకెవలిచ్చిండ్రు? ఉంటె చూపియ్యి."

"ఉన్నది. ఇంట్ల ఉన్నది."

"అయితె పొయ్యి తేపో. మేం గీడనే ఉంటం."

వాడు పోలేదు. నేను ఫోన్ ఎత్తి వీడియో తీస్తుంటే నా మీదికి వచ్చాడు. "పట్నం మేడమ్, ఫోన్ లోపల పెట్టుకో. తిరిగి పోవాల్నా వద్దా?"

  నేను ఫోన్ దించలేదు. "ఇందాకటి మాట మళ్ళీ చెప్పండి, వీడియోలో సరిగ్గా పడలేదు" అన్నాను. ఆడవాళ్ళు పకపకా నవ్వారు. వాడి ముఖం నల్లబడింది.

అప్పటికే ఊళ్ళోంచి ఫారెస్టు ఆఫీసుకు ఫోన్లు పోయాయి. ఎండెక్కింది. ఎవరో మూటలు విప్పారు. రొట్టెలు, కారం, ఉల్లిగడ్డ. ట్రాక్టరు ముందే కూర్చుని తిన్నాం. డ్రైవరును కూడా పిలిస్తే సిగ్గుపడుతూ వచ్చి ఒక రొట్టె తీసుకున్నాడు. మధ్యాహ్నం దాటాక ఫారెస్టు బీటు ఆఫీసరు వచ్చి కాంట్రాక్టరును పర్మిషను చూపమన్నాడు. లేదు. ట్రాక్టరు, దుంగలు రెండూ ఆఫీసుకు తరలించాడు.

నేను చప్పట్లు కొట్టబోతే చిన్నమ్మ ఆపింది. "ఖుష్ కాకు. వీడు కాకుంటె ఇంకొకడు వస్తడు. కొనేటోడు ఉన్నన్ని రోజులు కొట్టేటోడు ఉంటడు. మంచి దుంగలు ఏడికో పోతయి, కొమ్మలూ రెమ్మలూ బెల్లం బట్టీలకు పోతయి. గాడికి పోదాం పా."

అందరం రెండు మైళ్ళు నడిస్తే చెరకు తోటల మధ్య బెల్లం బట్టీ. దాని యజమాని సుబ్బారావు గారు. వాళ్ళ తాతలు కాలువ నీళ్ళు పారిన రోజుల్లో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారట. బట్టీ పక్కన గుట్ట కట్టె పేర్చి ఉంది. మమ్మల్ని చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"నేను కొనుక్కున్న కట్టెమ్మా అది. ఎక్కడ కొట్టుకొచ్చాడో నాకేం తెలుసు?"

"మీ చెరుకుల అడవి పందులు పడ్డయని మొన్న పంచాయతిల మొత్తుకున్నరు గద సారూ" అంది చిన్నమ్మ. "అవి ఏడికెల్లి వచ్చినయి? వాటి ఇల్లు మీ పొయ్యిల పెడితిరి, అవి మీ చేన్లకు రాక ఏడికి పోతయి?"

ఆయన పెనం దగ్గరికి వెళ్ళి ఉడుకుతున్న పానకం కలిపాడు.  "చెరకు పిప్పి తడిస్తే బట్టీ ఆరిపోద్దమ్మా. ముసురు పట్టినప్పుడు కట్టె లేకపోతే నేనేం చెయ్యను?" అన్నాడు. అది సాకు కాదు, ఆయన బాధే.

"ఎండ కాసినప్పుడు పిప్పి పరుద్దాం, మాపటికి కప్పుదాం. కూలికి మేమొస్తం. గుట్ట కట్టె మాత్రం ఒక్క పుల్ల కొనొద్దు."

"చూద్దాంలే."

"చూసుడు కాదు సారూ. నోటితో చెప్పుండ్రి."

"కొననమ్మా. సరేనా?" అన్నాడు, కొంచెం కోపంగానే. మాట మీద ఉంటాడో లేదో నాకు తెలియదు. కానీ బట్టీ దగ్గర పనిచేసేవాళ్ళందరి ముందూ అన్నాడు.

తిరిగి వస్తుంటే మా వెనక నడుస్తున్న, చిన్నమ్మ పక్కింటి లింగమ్మ అక్క మెల్లగా అంది: "మరి మనం పొయ్యిలకు పచ్చికొమ్మలు కొడుతలేమా?"  చిన్నమ్మే ఆగి, "గదీ నిజమే. రేపటికెల్లి రాలినవే ఏరుదాం. గొడ్డలి గుట్టకు తేవద్దు" అంది.

ఆ మర్నాడు పొద్దున వాళ్ళతో గుట్ట ఎక్కాను. కొట్టేసిన టేకు మోళ్ళకు పిలకలు గుత్తులుగా లేచాయి. బలమైన పిలక ఒక్కటి ఉంచి మిగతావి కోసేస్తున్నారు, మేకలు నోరు పెట్టకుండా చుట్టూ ముళ్ళకంప కడుతున్నారు. కొత్త మొక్క నాటి నీళ్ళు మొయ్యడం కంటే ఇది సులువు. వేరు అప్పటికే లోపల ఉంది, మనం చెయ్యాల్సిందల్లా దాన్ని బతకనివ్వడం. నేను కట్టిన కంపలు వంకరగా ఉన్నాయని లింగమ్మ అక్క విప్పి మళ్ళీ కట్టింది.

మధ్యాహ్నం బోధన్ మీదుగా నిజామాబాద్ చేరి, సాయంత్రం రైలు పట్టుకున్నాను. చేతుల నిండా గీతలు. రైలు ఇందల్వాయి దాటుతుండగా చిన్నమ్మ ఫోన్.

"గా కాంట్రాక్టరు మల్ల వచ్చిండు బిడ్డా, ఇద్దరు మనుషులను ఎంటేసుకొని. కూసొని మాట్లాడుకుందం అంటున్నడు."

"నువ్వేమన్నావు?"

"మేం నిన్నటికెల్లి కూసొనే ఉన్నం, నువ్వే ఆలస్యంగ వచ్చినవ్ అన్న."

వెనక ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. ఫోన్ కట్టయింది. బయట చీకటి పడుతోంది, గుట్టలు ఇంకా కనబడుతున్నాయి. అడవిని కాపాడాలంటే పెద్ద పెద్ద వాళ్ళు కావాలనుకునేదాన్ని. దారికి అడ్డంగా ఒక చాప, దాని మీద లేవని మనుషులు ఉంటే మొదలుపెట్టవచ్చు. మీ ఊళ్ళోనూ గుట్ట ఉంటే, ట్రాక్టరు చప్పుడు వినిపిస్తే, తలుపు వేసుకోకండి. బయటికి రండి. వచ్చి కూర్చోండి.