మూడు పేర్ల ఓడ, ఒక సంతకం

మధురవాడలో మా అపార్ట్‌మెంటు గేటు మీద పేరు మారుస్తున్నారు. బిల్డరు మారాడట. పెయింటరు పాత పేరు మీద తెల్లరంగు కొడుతుంటే ఆ ఎనామిల్ వాసన ముక్కుకు తగిలి, కూరల సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. వాచ్‌మన్ రెండుసార్లు పిలిస్తేగానీ కదల్లేదు. ఆ వాసన వస్తే నాకు సింహాచలంగారు గుర్తొస్తారు. ఆయన గుర్తొస్తే ఆ రోజంతా నా మనసు నా మాట వినదు. ఇన్నేళ్లయినా ఆయన చేసింది నాకు అర్థం కాలేదు, నేను చేసింది అంతకన్నా అర్థం కాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నాన్న స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికని భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన రిటైరైన ఏడాదే నాకు పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఓడ రేవుకొస్తే నీళ్లు, కూరగాయలు, డాక్టరు, కాగితాలు, అన్నీ ఓనరు తరఫున చూసేది ఏజెంటు. మా ఆఫీసులో ఆ పనంతా సింహాచలంగారిది. జాలరిపేట మనిషి. ముక్కుమీద కోపం, జేబులో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. తప్పు టైపు చేస్తే కాగితం మొహాన కొట్టినంత పనిచేసి, పది నిమిషాలకి గుప్పెడు కాయలు నా టేబుల్ మీద పోసి వెళ్లిపోయేవారు.

అప్పుడు మా రేవు బయట ఒక తెల్లటి విహార నౌక లంగరు వేసి ఉండేది. రిపేరుకని వచ్చి కదలకుండా ఉండిపోయింది. ఓరోజు సింహాచలంగారు నన్ను లాంచీలో తీసుకెళ్లి, ఎనామిల్ వాసన కొడుతున్న దాని వెనకభాగం చూపించారు. అక్షరాలు రేకు మీద వెల్డింగు చేసి ఉంటాయి కాబట్టి, ఎన్ని పూతలు వేసినా పక్కనుంచి ఎండ పడితే పాత పేరు ఉబ్బి కనిపిస్తుంది. మొదటి పేరు ఏదో చలిదేశపు రాణిది. అప్పుడు డబ్బున్నవాళ్లకి మంచుకొండలు చూపించేదట. తర్వాత మరో కంపెనీ కొని, ముత్యం అని పేరు పెట్టి, జూదం ఆడేవాళ్లని తిప్పింది. గిట్టుబాటు కాక మా రేవులో ఉండగానే మూడోవాళ్లకి బేరం పెట్టింది. వాళ్లు అప్పుడే నక్షత్రం అని పేరు కూడా అనుకున్నారు. ఇంత జరిగినా సింహాచలంగారి దగ్గర ఆ ఓడకి ఒకటే ఫైలు. ఓనర్లు ఎందరు మారినా కాగితాలు తేదీ వరసలో అందులోకే.

నాకేమో అది సంత గోలలా కనిపించింది. ఆయన పైడితల్లి జాతరకని విజయనగరం వెళ్లిన రెండురోజుల్లో ఆ ఫైలు విప్పి, కాగితం పైన ఏ పేరుంటే ఆ పేరు కింద సర్ది, మూడు అందమైన ఫైళ్లు చేశాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన వచ్చి చూసి, "ఏటమ్మా ఇది, ఒక్క ఓడని మూడు ముక్కలు సేసీసినావ్?" అన్నారు. మళ్లీ కలపమని చెబుతుండగానే ఓడ మీంచి కబురొచ్చింది.

బర్మా వంటవాడొకడు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడట. ఓడ మనిషిని ఆసుపత్రిలో చేర్చాలంటే, అతని బాధ్యత మాదని ఓనరు రాసిచ్చిన మాట ఏజెంటు దగ్గరుండాలి. అది లేకుండా సంతకం పెట్టకూడదని మా కంపెనీ కట్టడి. ఫోన్ చేస్తే ముత్యం వాళ్లు అమ్మేశామన్నారు, నక్షత్రం వాళ్లు ఇంకా మా చేతికి రాలేదన్నారు. తాను లేనప్పుడు పాతవాళ్ల నుంచి కాగితమేదైనా వచ్చిందా అని సింహాచలంగారు నన్నడిగారు. ముత్యం ఫైలు రెండుసార్లు తిరగేసి, లేదు సార్ అన్నాను. ఆయన లెటర్‌హెడ్ తీసి నా ముందు పెట్టి, ఓనరు తరఫున పూర్తి బాధ్యతతో అని టైపు చేయమన్నారు.

"ఏ ఓనరు సార్?"

"ముందు కొట్టమ్మా. ఏ ఓనరో ఆడు బతికినాక సూసుకుందాం."

సంతకం పెట్టి పరుగెత్తారు. వంటవాడికి ఆ పూటే ఆపరేషన్ అయింది. గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడట. రెండు కంపెనీలూ మాత్రం, మా మాట లేకుండా మా తరఫున సంతకమేమిటని మేనేజరుకి ఫిర్యాదు రాశాయి. శనివారం వచ్చి సంజాయిషీ చెప్పుకోమని మేనేజరు సింహాచలంగారికి నోటీసిచ్చారు.

శుక్రవారం నక్షత్రం ఫైల్లో వేరే కాగితం వెతుకుతుంటే అది దొరికింది. స్వాధీనం పూర్తయ్యేదాకా ఓడ మీది మనుషుల బాధ్యత మాదేనని, ఫోన్లో అమ్మేశామని తప్పించుకున్న ఆ ముత్యం వాళ్లే రాసిన ఉత్తరం. ఆయన జాతరలో ఉన్నప్పుడు వచ్చింది. పైన ఓడ కొత్త పేరు ఉందని, కింద సంతకం చూడకుండా కొత్తవాళ్ల ఫైల్లో పెట్టేశాను. తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదివారు. తిడతారనుకున్నాను, తిట్టినా బాగుండేది. మేనేజరుకి చూపించావా అని అడిగారు. లేదన్నాను. పంచింగ్ మిషను అందుకుని ఉత్తరానికి చిల్లులు కొట్టి, ముత్యం ఫైల్లో దాని తేదీ దగ్గర గుచ్చేశారు.

"ఇది ఆయాల దొరికినా, దొరక్కపోయినా నాను సంతకం పెట్టీవోడినే. నాకింకా ఏడాదే సర్వీసు. నీ ఇల్లు నీ జీతం మీద నడస్తంది. నోరిప్పకు."

ఆ మాటలకి పొంతన లేదు. ఆ ఉత్తరం చూపిస్తే ఆయన సంతకం తప్పే కాదు. పోయేది నా ఉద్యోగం, అదీ పోతుందో, తిట్లతో పోతుందో తెలీదు. ఆ మాత్రం లెక్క ఆయనకి తెలియదా? నా మీద జాలా, ఒకరి కాగితం చూపించి బతకనని పంతమా, విసుగెత్తిపోయారా? ఎన్నిసార్లు అనుకున్నా ఒక్కోరోజు ఒక్కోటి నిజమనిపిస్తుంది.

శనివారం మేనేజరు గదిలోకి నన్నూ పిలిచారు. సింహాచలంగారు చేతులు కట్టుకుని కిటికీ వైపు చూస్తున్నారు. పాత ఓనర్ల నుంచి ఉత్తరమేదైనా వచ్చిందా అని మేనేజరు సూటిగా నన్నే అడిగారు.

"లేదు సార్" అన్నాను.

ఆ సాయంత్రమే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసి ఇంటికి పంపేశారు. నెల తిరిగేసరికి ఓడ కొత్త పేరుతో వెళ్లిపోయింది. ఆయన కుర్చీ, ఆయన పనీ కొన్నాళ్లకి నాకే ఇచ్చారు. ఆయన చెప్పబట్టే అలా అన్నానని ఇన్నేళ్లూ నాకు నేను నచ్చజెప్పుకుంటున్నాను. ఆయన చెప్పకపోయినా అదే అనేదాన్నేమో.