మిల్లు కూత శ్రుతి

మా తాతలు చెరకు పనికి వలసొచ్చిన ఈ దీవిలో, మా రోజ్ బెల్ చక్కెర మిల్లుకు ఈ కోతల్లో కొత్త బాయిలర్ వచ్చింది, దానితో కొత్త కూత. నిన్న మధ్యాహ్నం అది మొదటిసారి మోగగానే అన్నం కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. పాత కూత కన్నా ఒక మెట్టు పైన ఉంది! "ఏమైంది?" అంది నా భార్య. "మిల్లు అపస్వరం పాడుతోంది" అన్నాను. నా మాటల్లో సగం తీసేసి వినడం ఆవిడకు అలవాటు. కానీ ఇది నిఖార్సైన నిజం. సాక్ష్యానికి వెంకటసామి మామ ఉండాల్సింది.

వరసకు ఆయన నాకేమీ కాడు, ఊరందరికీ మామ. కిరాణా కొట్టు నడిపేవాడు, మా భజన గోష్ఠికి గురువు. ఆయన గొంతెత్తితే కొట్టులోని ఎండుచేపలు ఈదేవంటే మీరు నమ్మరు, కాబట్టి తోకలాడించేవని మాత్రం చెబుతాను. ఆయనకు హార్మోనియం లేదు. మిల్లు కూతే శ్రుతి. గోష్ఠిలో చేరాలనుకున్నవాడు మధ్యాహ్నం కొట్టు వెనక నిలబడి, కూత మోగినంతసేపూ నోరు మూసుకుని వినాలి. అది ఆగాక అదే స్వరం మీద మామ కట్టిన మేలుకొలుపు అందుకోవాలి: "లేరా, లేరా, నందబాలా." జారితే ఇంటికే. "కూత మోగుతుంటే కుక్క కూడా శ్రుతిలోనే ఏడుస్తాదిరా. ఆగినాక నీలో ఏటి మిగిలిందో అది చెప్పు" అనేవాడు.

ఆ గోష్ఠిలో కూర్చోవడం కంటే గొప్ప కోరిక చిన్నప్పుడు నాకు లేదు. నా వంతు వచ్చింది. కూత ఆగింది. "లేరా!" అని అందుకున్నానో లేదో, మా ఇంటికీ కొట్టుకీ మధ్య ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేస్తున్న మదాం రోజ్ బల్ల మీదికి గెంతింది. "బోండ్యే! కోత్ లేరా?" దేవుడా, ఎలుక ఎక్కడ అని! ఆవిడ మాట్లాడే క్రియోల్‌లో లేరా అంటే ఎలుక మరి. అందరూ పగలబడి నవ్వారు. మామ నవ్వలేదు. "తెల్లారింది మదాం, ఎలకైనా లేవాలి కదా" అని ఆవిడకు సర్దిచెప్పి, నా వైపు తిరిగాడు. "నీ గొంతులో పాట లేదురా. అచ్చం మిల్లు కూతే ఉంది. నాకు పాడేవాడు కావాలి, ఇంజను కాదు." ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. చేలల్లో అన్నాలు తింటున్నవాళ్ళు నా 'లేరా' విని, విరామం అయిపోయిందనుకుని కత్తులు పట్టుకుని లేచారట. ఏటా వెళ్ళాను. ఏటా అదే తీర్పు.

అలా ఉండగా దీవికి ఉత్తరాన టేర్ రూజ్ ఊరివాళ్ళు రామభజనకు మా గోష్ఠిని తొలిసారి పిలిచారు. ఊరంతా రైలెక్కింది. కడుపుమంటతో నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను. దీపం వెలిగించారు. మామ చెయ్యెత్తాడు. మావాళ్ళు నోళ్ళు మూసుకుని కూత కోసం ఎదురుచూశారు. ఆదివారం, ఏ మిల్లు కూస్తుంది? ఆ ముక్క మామకే తట్టలేదు. ఇంతలో స్టేషనులో రైలు కీచుమంది. అలవాటుపడ్డ ప్రాణాలు, అందరూ ఆ శ్రుతే పట్టేశారు! లేరా అంటూ ఆకాశానికెక్కి, నందబాలా దగ్గర గొంతులు చీలి ఆగిపోయారు. "ఏటి మామా, గొంతులు రైల్లోనే మరిచొచ్చినారా?" అంది అక్కడి ముసలమ్మ ఒకావిడ. మామ చప్పున వెనక్కి తిరిగాడు.

"ఒరే ఇంజనూ! ఎక్కడున్నావురా? కుయ్యి!"

కళ్ళు మూసుకున్నాను. చెరకు పాకం వాసన, ఎండుచేపల వాసన గుర్తు తెచ్చుకుని కూశాను. ఆగాను. అందరూ ఒక్క గొంతుతో అందుకున్నారు. పాట రెండో చుట్టుకు ఆ ముసలమ్మ కూడా చేతులు తడుతూ కలిసింది. ఆ ఊరి మడుగులోని కొంగలు లేచి శ్రుతిలో ఎగిరాయంటారు. నేను చూడలేదు, కానీ ఎలకలే లేచినప్పుడు కొంగలు లేవకుండా ఉంటాయా?

తిరుగు రైల్లో మామ నా భుజం చరిచాడు. "ఇకనించి నీది ముందు వరస. పాడకు. కుయ్యి."

మామ పోయాడు. ముందు వరసలో ఇప్పటికీ కూస్తున్నాను. పాత కూత కూడా పోయింది కాబట్టి, ఆ శ్రుతి ఇక ఉన్నది నా గొంతులోనే. అందుకే ఇవాళ మధ్యాహ్నం పెరట్లోకి వెళ్ళి, కొత్త కూత ఆగేదాకా నోరు మూసుకుని నిలబడి, పాత కూత అందుకున్నాను. నేను ఆగీ ఆగగానే దడి అవతల నుంచి, ముసలిదైపోయిన మదాం రోజ్ గొంతు: "లేరా, లేరా, నందబాలా..."

అచ్చంగా శ్రుతిలో. ఈసారి బల్లెక్కలేదనే అనుకుంటున్నాను.