షెడ్డుకు కలవని లైను

మా మిరపకాయల కోల్డ్ స్టోరేజీకి కొత్త ఫోన్లు వస్తున్నాయన్న కబురు నాకు మొదట తెచ్చింది, షెడ్డులో తొడిమలు తీసే ఒక అక్క. గుంటూరు బస్సులో నా పక్కన కూర్చుని, "అమ్మాయ్, మా షెడ్డుకీ ఒకటి పెడతారంట! ఇక మా ఆయన చీమకుర్తి నుంచి చేస్తే నాకిస్తావుగా?" అంది. ఆయన అక్కడ గ్రానైట్ క్వారీలో పనిచేసేవాడు.

"ఇవ్వకపోతే నాకు పండుమిరప పచ్చడి ఎవరు పెడతారక్కా?" అన్నాను.

నేను బడికి పోలేదు. నాన్నగారే ఇంట్లో రామాయణం ముందేసుకుని అక్షరాలు దిద్దించారు, తర్వాత కాస్త ఇంగ్లీషు చెప్పారు. దేవుడి దయవల్ల ఆ చదువే నన్ను ఆ కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఫోన్ ఆపరేటరు కుర్చీలో కూర్చోబెట్టింది. ఎక్స్‌టెన్షన్, హోల్డ్, ట్రాన్స్‌ఫర్ అంటూ కొత్త ఫోన్లు బిగించడానికొచ్చిన మెకానిక్ చెప్పినవన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. చివర్లో ఇంకో మాట చెప్పాడు, బారింగ్ అని. ఆఫీసు నుంచి షెడ్డుకు ఫోన్ చేయొచ్చు, బయటి నుంచి వచ్చింది మాత్రం అక్కడికి పంపలేం. మేనేజరు గారి ఆర్డరట. అక్కకు ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం చీమకుర్తి ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోనొచ్చింది. ఎవరో అక్క పేరు చెప్పి, "ఆమెను పిలవండమ్మా, వాళ్లాయన కాలి మీద రాయి పడింది. ఒంగోలు తీసుకుపోతున్నాం."

వెంటనే హోల్డ్‌లో పెట్టాను. షెడ్డుకు చేస్తే మేస్త్రి, "సార్ చెప్పందే పని మీద నుంచి లేపనమ్మా" అన్నాడు. మేనేజరు గారి గదికి పరిగెత్తాను.

"కూలోళ్లకి ఫోన్లేంటమ్మా? ఇవాళ ఒకళ్లకిస్తే రేపు అందరూ వరస కడతారు."

"కాలు నలిగిందటండీ!"

"ఐదింటికి చెబుదువుగాని. లారీ లోడింగుంది."

తిరిగొచ్చేసరికి లైను కట్ అయింది. మళ్లీ మోగలేదు. ఏ ఆసుపత్రి అని అడగాలని నాకు తట్టనే లేదు. ముందు హోల్డ్, తర్వాత ట్రాన్స్‌ఫర్. నోట్‌బుక్కులో ఉన్నట్టే చేశాను మరి!

ఒళ్లు మండిపోయింది. హెడ్‌సెట్టు బల్ల మీద పడేసి, ఎండలో షెడ్డుకు నడిచి, మేస్త్రి చూస్తుండగానే ఆమెను లేపాను. చేతులు కూడా కడుక్కోకుండా అక్క బస్సెక్కింది. ఒంగోలులో మూడు ఆసుపత్రుల గేట్ల దగ్గర వాకబు చేస్తూ తిరిగి, నాలుగో దాంట్లో ఆయన్ని పట్టుకుంది. అప్పటికే కాలు తీసేశారు. మా ఆడమనిషి వచ్చాకే ఆపరేషనుకు లోపలికి తీసుకెళ్లండని ఆయన చాలాసేపు బతిమాలాడట.

ప్రాణం దక్కింది. అందుకు భగవంతుడికి రోజూ దండం పెట్టుకుంటాను. కానీ నా కోపం మాత్రం చల్లారలేదు. కాయ ధర అడిగే వాళ్లకి క్షణంలో కలిసే లైను, ఆ కాయ ఏరి చేతులు మండించుకునే మనిషికి ఎందుకు కలవకూడదు? యంత్రానికి ఆ బుద్ధి పుట్టుకతో లేదు. మనిషే పనిగట్టుకుని నేర్పాడు.

అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నువ్వొచ్చి చెప్పావుగా, చాలమ్మాయ్" అంది. చాలదు. ఆ రోజు నాలుగు గేట్ల దగ్గర, మంటెత్తే చేతులతో కళ్లు తుడుచుకోవడానికి కూడా లేక నిలబడిన ఆమెను, మీరు దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు ఒక్కసారి తలుచుకోండి.