ఓడిపోయే డాక్టరమ్మ

ఆ ఆస్పత్రి రెండో అంతస్తులో, చేతులకు కసరత్తు చేయించే గదిలో ఒక డాక్టరమ్మ ఉండేది. ఆవిడకు తెలిసిన విద్య ఒక్కటే: ఓడిపోవడం. ఆట అన్నాక అప్పుడప్పుడూ ఎవరైనా ఓడిపోతారు. ఆవిడ అలా కాదు, రోజుకు పదిహేనుమంది చేతుల్లో ఓడిపోయేది. ఏడేళ్ల పాప చేతిలో ఓడేది, డెబ్భై ఏళ్ల తాతగారి చేతిలో ఓడేది, కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చిన పోస్ట్‌మాన్ చేతిలోనూ ఓడేది. అసలు ఆ చేతులు బాగాలేకే వాళ్లంతా అక్కడికి వచ్చేవాళ్లు! పోనీ గుట్టుగా ఓడుతుందా అంటే అదీ లేదు. ఓడిన ప్రతిసారీ మెట్ల దాకా వినపడేలా గగ్గోలు పెట్టేది.

ఆట కూడా బ్రహ్మవిద్యేమీ కాదు. బల్లమీద ఒక టీవీ, దానికి తీగలతో తగిలించిన రెండు రబ్బరు బంతులు. బంతి పిసికితే తెరమీద కప్ప ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి గెంతుతుంది. పట్టు చాలకపోతే బుడుంగున నీళ్లలో పడుతుంది. ఇరవై రాళ్లు ముందు దాటిన కప్పది గెలుపు. డాక్టరమ్మ కప్ప మాత్రం పుట్టి బుద్ధెరిగి ఇరవయ్యో రాయి చూసిన పాపాన పోలేదు.

ఈ గదికి ఒకరోజు కటింగ్ మాస్టారు వచ్చాడు. ముప్ఫై ఏళ్లుగా సుద్దముక్కతో గీత గీసి, దాని వెంట కత్తెర నడిపించిన మనిషి. పై అరలోని గుడ్డ తాను అందుకోబోయి స్టూలు మీంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాల తర్వాత కట్టు విప్పితే చెయ్యి చెయ్యిలా లేదు, చెక్క గరిటెలా ఉంది. పిడికిలి బిగించమంటే వేళ్లు సగం దాకా వచ్చి, ఇక మావల్ల కాదన్నట్టు ఆగిపోయేవి. "ఈ రెండు నెలలే కీలకం. ఇప్పుడు కదిలించకపోతే చెయ్యి ఇలాగే ఉండిపోతుంది" అని ఎముకల డాక్టరు గట్టిగా చెప్పి రెండో అంతస్తుకి పంపాడు.

కట్టు విప్పిన కొత్తలో ఇంటి దగ్గర కసరత్తు చెయ్యకపోలేదు. భార్య ఎదురుగా కూర్చుని లెక్కపెట్టేది.

"పదిసార్లు చెయ్యమన్నారండీ. నాలుగయ్యాయి."

"ఏడు."

"నాలుగే!"

"నువ్వలా లెక్కపెడుతుంటే నొప్పి ఎక్కువవుతోందే" అంటూ ఆయన లేచిపోయేవాడు. నొప్పి నిజమే కానీ, దాన్ని మించింది సిగ్గు. ముప్ఫై ఏళ్లు చెప్పినట్టల్లా విన్న చెయ్యి భార్య ముందు మొండికేస్తే ఆయనకు తల కొట్టేసినట్టయ్యేది.

"కూర్చోండి మాస్టారూ. ఆ బంతి పట్టుకోండి. ముందే చెబుతున్నాను, ఇవాళ నేను మంచి ఊపులో ఉన్నాను" అంది డాక్టరమ్మ మొదటిరోజు.

"నేను ఆటలకి రాలేదమ్మా, చెయ్యి బాగుచేయించుకోడానికొచ్చాను."

"చెయ్యి సంగతి తర్వాత. ముందు నా చేతిలో ఓడిపోండి."

ఆ మాట ఆయనకు ఎక్కడో గుచ్చుకుంది. బంతి పిసికాడు. కప్ప ఆవులించినట్టు కాళ్లు చాపి నీళ్లలో పడింది. పక్కనే డాక్టరమ్మ కప్పా పడింది. పడ్డ కప్పను తిట్టేవాళ్లు లేరు, "నాలుగే" అనేవాళ్లు లేరు. అదే గట్టెక్కి, కళ్లార్పి, మళ్లీ సిద్ధమయ్యేది. మాస్టారు బంతి మీద పడ్డాడు. ఎప్పటికో ఆయన కప్ప ఇరవయ్యో రాయి ఎక్కింది. డాక్టరమ్మది పంతొమ్మిదో రాయి మీద నిలబడి దిక్కులు చూస్తోంది.

"అన్యాయం! నా కప్పకి జలుబు చేసింది!" అని డాక్టరమ్మ బల్ల గుద్దింది.

చెయ్యి విరిగాక మాస్టారు పకపకా నవ్వడం అదే మొదలు. పోతూ పోతూ ఆవిడ రాసుకున్న కాగితంలోకి తొంగి చూశాడు. డెబ్భై రెండుసార్లు పిసికినట్టుంది. ఏడు దగ్గర అబద్ధమాడిన మనిషి డెబ్భై రెండు చూసి నోరు తెరిచాడు.

ఇంటికెళ్లి భార్యతో, "ఆవిడకి ఆట బొత్తిగా రాదే! రేపు పెందలాడే వెళ్లాలి" అన్నాడు.

"చెయ్యెలా ఉంది?"

"చెయ్యా? అదెలా ఉందో అడగడం మరిచిపోయాను."

ఇక రోజూ ఇదే తంతు. రోజూ ఒక్క రాయి తేడా, రోజూ ఒక కొత్త సాకు. ఒకనాడు కుర్చీ కాలు పొట్టి. ఒకనాడు ఫ్యాను గాలికి కప్ప పక్కకి కొట్టుకుపోయింది. ఒకనాడు, "మీరు చారల చొక్కా వేసుకొచ్చి నా కళ్లు చెదరగొట్టారు" అంది.

"ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్నారా డాక్టరమ్మా!"

వారానికోసారి ఆవిడ బంతి అడుగున ఉన్న మర బిగించేది. "ఇవాళ బంతి గట్టిగా ఉందేమిటమ్మా?" అంటే, "బంతి అలాగే ఉంది, మీకే వయసు మీదపడుతోంది" అనేది. అంతే, మాస్టారు పళ్లు బిగించి పిసికేవాడు.

ఆవిడ అవస్థ చూడలేక చివరికి పేషెంట్లే ఆవిడకు పాఠాలు మొదలుపెట్టారు. వాళ్లలో రిటైరయిన ప్రిన్సిపాలమ్మ ఒకావిడ ఉండేది. ఆవిడ బొటనవేలు వంగక ఆర్నెల్లయింది. "అలా కాదమ్మాయ్! బొటనవేలు ఇలా మడిచి, ఇక్కడ నొక్కాలి" అని బెత్తం పట్టుకున్నంత పట్టుదలగా చూపించేది. చూపించి చూపించి ఒకరోజు తన వేలికేసి తనే వింతగా చూసుకుంది. అది వంగి ఉంది.

సూపరింటెండెంటుగారికి ఈ గోల నచ్చలేదు. ఆస్పత్రి అన్నాక ఒక పద్ధతుండాలన్నాడు. వందసార్లు వేళ్లు మడిచినవాళ్లకు ఒక స్టీలు డబ్బా బహుమతి అని ప్రకటించి, టిక్కులు పెట్టుకోడానికి తలా ఒక కార్డు పంచాడు. మాస్టారు క్యాంటీన్లో టీ తాగుతూ ఎడమ చేత్తో వంద టిక్కులూ పెట్టేసి డబ్బా పట్టుకెళ్లాడు. ప్రిన్సిపాలమ్మంతటి ప్రిన్సిపాలమ్మ రెండు డబ్బాలు తీసుకుంది. మూడు రోజుల్లో డబ్బాలైపోయాయి, నాలుగోరోజు వేలు మడిచినవాడు లేడు.

"డబ్బా ఇస్తామన్నా చెయ్యనివాళ్లు మీ దగ్గరికి వచ్చి అన్నిసార్లు ఎందుకు పిసుకుతున్నారమ్మా?" అని ఆయన తల పట్టుకున్నాడు.

"నన్నోడించడానికి సార్" అంది డాక్టరమ్మ దీనంగా. "ఈ మనుషులకి జాలి లేదు."

ఐదోవారంలో మాస్టారికి ఆశ పుట్టింది. ఎవరూ లేనప్పుడు కొట్టు తెరిచి, పాత గుడ్డ ఒకటి పరిచి, కత్తెర పట్టాడు. రెండంగుళాలు వెళ్లేసరికి వేళ్లు వణికాయి. గీత ఒకవైపు, కత్తెర ఒకవైపు. కత్తెర జారి కిందపడింది. తియ్యలేదు. షట్టరు దించి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య ఎంత బతిమాలినా నాలుగు రోజులు ఆస్పత్రి గడప తొక్కలేదు.

ఐదోరోజు ఫోను మోగింది.

"మాస్టారూ, నేనే. మీ చెయ్యెలా ఉందో అడగడానికి చెయ్యలేదు."

"మరెందుకమ్మా?"

"మీరు భయపడి మానేశారని ప్రిన్సిపాలమ్మగారు అంటున్నారు. నేను కాదన్నాను. కాదనే చెప్పాలి కదా?"

"భయమా! నాకా!" మాస్టారు అప్పటికే చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు.

తీరా గదిలోకి వచ్చి కూర్చున్నాక బంతి ముట్టుకోలేదు. "కత్తెర పట్టలేకపోయానమ్మా. రెండంగుళాలు. అదీ వంకరగా."

డాక్టరమ్మ అయ్యో పాపమనలేదు. "నెల కిందటైతే ఎంత కోసేవారు?"

"నెల కిందటా? కత్తెర ఎత్తేవాణ్ణే కాదు."

"అయితే రెండంగుళాలు లాభమేగా. బంతి పట్టండి. నాలుగు రోజుల పగ ఉంది నాకు."

పగ తీరలేదు. పంతొమ్మిది దగ్గర ఆవిడ కప్ప బుడుంగుమంది. "ఫోను పట్టుకుని పట్టుకుని నా చెయ్యి నొప్పెట్టేసింది!"

మరో నెల గడిచింది. ఒక ఉదయం డాక్టరమ్మ ఆయన మణికట్టు అటూ ఇటూ వంచి కొలిచింది, పట్టు కొలిచింది, కాగితం మీద ఏదో రాసి సంతకం చేసింది. మాస్టారు అప్పటికే రెండు చొక్కాలు కత్తిరించి ఉన్నాడు. "ఆఖరి ఆట డాక్టరమ్మా. మీ మీద జాలేస్తోంది. పోనీ, ఐదు రాళ్లు ముందు వెళ్లండి" అన్నాడు ఉదారంగా.

"వద్దులెండి" అని ఆవిడ గాజులు పైకి తోసుకుంది. బంతిని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుంది.

తర్వాత జరిగింది మాస్టారికి సరిగా కనపడలేదు. తెరమీద ఒక కప్ప తారాజువ్వలా పోయింది. ఆయన కప్ప మూడో రాయి మీద కాలు మోపేసరికి ఆవిడది ఇరవయ్యో రాయి మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

మాస్టారు తెరకేసి చూశాడు, ఆవిడకేసి చూశాడు. రోజూ ఒక్క రాయి, సరిగ్గా ఒక్క రాయి తేడాతో ఓడిపోవాలంటే తన కప్పను చూసుకోవాలి, ఎదుటివాడి కప్పనూ చూడాలి, అతని వేళ్లలో ఆ పూట ఎంత సత్తువుందో కనిపెట్టాలి, పైగా ఒక సాకు వెతకాలి. రోజుకు పదిహేనుమందితో!

"అంటే... మొదటిరోజు నుంచీ..."

"మొదటిరోజు మీ చెయ్యి మీ మాటే వినలేదు. దానిమీద నెగ్గితే నాకేం గొప్ప? ఇవాళ మంచి చేతి మీద నెగ్గాను. ఇక రానక్కర్లేదు మాస్టారూ. కొట్టుకెళ్లండి."

మాస్టారు ఆ చేత్తోనే దణ్ణం పెట్టబోయాడు. "అవన్నీ ఎందుకు, నాకో జాకెట్టు ముక్క ఉంది, కాస్త కుదిరేలా కత్తిరించండి చాలు" అని ఆవిడ తోసేసింది.

బయట బెంచీ మీద మెడకు కట్టిన పట్టీలో చెయ్యి వేలాడేసుకుని ఒక కొత్తాయన బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. "లోపల బాగా నొప్పి పెడతారాండీ?"

మాస్టారు అటూ ఇటూ చూసి ఆయన చెవిలో, "నొప్పి సంగతటుంచండి. ఆవిడకి ఆట రాదు. కాస్త గట్టిగా ప్రయత్నిస్తే చిత్తుగా ఓడించొచ్చు. నామాట విని వెళ్లండి" అన్నాడు. కొత్తాయన నిటారుగా లేచి, చొక్కా సర్దుకుని లోపలికి నడిచాడు.

మెట్ల దగ్గర భార్య ఎదురొచ్చింది. "ఏమైందండీ? ఆ మొహమేమిటి, అలా వెలిగిపోతోంది?"

"చిత్తుగా ఓడిపోయానే!" అన్నాడు మాస్టారు. ఆవిడ చేతిలోని సంచీని కుడిచేత్తో అందుకుని, రెండేసి మెట్లు దిగాడు.