జ్ఞానాంబ కట్టిన కాగితం ఇళ్ళు

జ్ఞానాంబకు చీనా దేశం గురించి ఎంత తెలుసంటే, రంగూన్‌లో చిన్నప్పటి ఇంటి పక్కనున్న ఒక్క కొట్టంత. వాళ్ళ నాన్న అక్కడి రేవులో మూటలు మోసే రోజుల్లో, ఆ కొట్టులో ఒక చీనా ముసలామె కాగితాలతో ఇళ్ళు, గుర్రాలు, పల్లకీలు చేస్తూ కథలు చెప్పేది. యుద్ధమొచ్చి కుటుంబం కాకినాడ తిరిగొచ్చేసినా, ఆ పని జ్ఞానాంబ వేళ్ళకు గుర్తుండిపోయింది.

1976లో ఆమె అరబ్బు దేశంలో మత్రా రేవు దగ్గర ఒక ఆస్పత్రిలో పిల్లల వార్డు ఆయా. ఖాళీ మందుల డబ్బాలు, ఖర్జూరపు చీపురు పుల్లలు, వంటింట్లో అడిగి తెచ్చిన మైదా జిగురు, ఇదే ఆమె సరంజామా. మంచాల మధ్య చతికిలబడి, సగం అరబ్బీ సగం ఉర్దూ కలిపి కథ ఎత్తుకునేది.

"మా ఊళ్ళో చందమామలో కుందేలు ఊరికే కూచుంటాది. చీనావోళ్ళ కుందేలు అలాక్కాదర్రా, రోట్లో మందు నూరతా డ్యూటీ చేత్తాది!"

తమ మందు ఆ కుందేలే నూరిందని నమ్మి పిల్లలు నోరు తెరిచేవారు. నమ్మనివాళ్ళకు ముక్కు మూసి మందు పోయడానికి నర్సు మణికుమారి ఉండనే ఉంది.

ఎనిమిదేళ్ళ నఫీసా దగ్గర మాత్రం కుందేలు పప్పులు ఉడకలేదు. కిరోసిన్ స్టవ్ పేలి ఇల్లు అంటుకుంటే కాళ్ళు కాలి వచ్చిన పిల్ల. తల్లి ఆ మంటల్లోనే పోయింది. కోలుకునేదాకా ఆ సంగతి చెప్పొద్దని తండ్రి అందరి చేతులూ పట్టుకున్నాడు. అమ్మ ఏదని నఫీసా అడగనూ లేదు. కట్టు మార్చేటప్పుడు మాత్రం వార్డు దద్దరిల్లేలా అరిచేది. జ్ఞానాంబ ఆమెతో ఒప్పందం చేసుకుంది: కట్టు మార్చిన ప్రతిసారీ కాగితపు ఇంటికి ఒక గోడో కిటికీయో లేస్తుంది. అప్పటినుంచి పిల్ల ఆ ఇంటికేసి చూస్తూ పళ్ళు బిగబట్టి పడుకునేది.

పని పైకప్పు దాకా వచ్చింది. పక్క వార్డులో అపెండిక్స్ ఆపరేషన్ అయిన చెన్ అనే ఓడ వంటవాడు, సింగపూర్ చీనా ఆయన, కడుపు పట్టుకుని అటుగా వచ్చాడు. ఇల్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇవి పిల్లల చేతికివ్వకూడదని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. చచ్చిపోయినవాళ్ళు అవతల ఉండడానికి చేస్తారట. చేసి కాల్చేస్తారట. అలా కాలిస్తేనే అది వాళ్ళకు చేరుతుందట.

రంగూన్ ముసలామెది బొమ్మల కొట్టని జ్ఞానాంబ ముప్పయ్యయిదేళ్ళుగా అనుకుంటోంది. తల్లి పోయిన పిల్ల చేతిలో, అందులోనూ కాలిన పిల్ల చేతిలో, తను పెట్టింది ఇదా! తన మీద తనకే అసహ్యం వేసింది. ఇల్లు తీసుకెళ్ళి దుప్పట్ల బీరువా మీద పెట్టేసింది.

మర్నాడు మణికుమారి కట్టు విప్పబోతే నఫీసా కాలు లాక్కుంది.

"నా ఇల్లేది?"

"అక్కా, అదెక్కడ పెట్టావో ఇచ్చెయ్యి. ఇంకా ఆరు కట్లున్నాయి నాకు," అని మణికుమారి విసుక్కుంది.

అబద్ధం చెప్పడం జ్ఞానాంబకు ఎప్పుడూ చేతకాలేదు. మంచం అంచున కూర్చుంది.

"అది ఆడుకునేది కాదంట తల్లీ. నాకూ నిన్నే తెలిసింది. చచ్చిపోయినోళ్ళు ఉండటానికి కడతారంట."

నఫీసా ఏడవలేదు. తనంతట తానే కాలు మణికుమారి వైపు చాపింది.

"అయితే పెద్దది కట్టు," అంది. "మా అమ్మ పొడుగు."

జ్ఞానాంబ కళ్ళు తుడుచుకుని, ఎంత పొడుగో చూపించమంది. నఫీసా చెయ్యి ఎత్తగలిగినంత ఎత్తింది. అంత పొడుగు పుల్లలు లేవు కాబట్టి జ్ఞానాంబ రెండేసి కలిపి కట్టడం మొదలుపెట్టింది. కాల్చేస్తారన్న మాట మాత్రం ఆమె చెప్పలేదు.