అల్లుడి ఈక

పొదిగే వేళ కొంగలను బెదరగొట్టి గుడ్లు చల్లారిపోనిచ్చిందని నింద వేసి, అత్తను పంజరాల పని నుంచి తప్పించి గిన్నెలు కడిగే గదికి పంపారు. ఆమె పనిచేసేది గాయపడ్డ అడవి కొంగలను సాకే చోట. అక్కడి కొంగల జంట ఒకటి ఏటా గుడ్లు పెడుతోంది, ఒక్కటీ పిల్ల కావడం లేదు. అధికారికి ఎవరో ఒకరి మీద విరుచుకుపడాలి. అత్త మెత్తగా కనబడింది.

పక్షుల ప్రయోగశాలలో పనిచేసే మేనల్లుడికి ఒళ్లు మండింది. లోకం మీద వాడికెప్పుడూ ఓ కోపం సిద్ధంగా ఉంటుంది. ఈసారి దానికో చిరునామా దొరికింది.

"నోరు మూసుకుని వచ్చేశావా? నాలుగు కడిగేసి రాకపోయావా అత్తా!"

"కడుగుతూనే ఉన్నాగా, పొద్దస్తమానం."

కొంగల్లో ఆడా మగా చూపుకి ఒక్కలాగే ఉంటాయి. ఆ జంటలో రొమ్ము విరుచుకు నడిచేదాన్ని అత్త మొదట్నుంచీ అల్లుడనేది, రెండోదాన్ని అమ్మాయి అనేది. అందరికీ ఆ పిలుపే ఖాయమైపోయి, పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. మేనల్లుడు అధికారిని పోరి పోరి రెండింటివీ తలో ఈక తెచ్చుకున్నాడు. ఈక మొదలులోని జన్యు గుర్తును బట్టి పరీక్షలో మగదైతే ఒక గీత తేలుతుంది, ఆడదైతే రెండు. రెండు ఈకలకూ రెండేసి గీతలు తేలాయి. నమ్మలేక మళ్లీ చేశాడు. అంతే.

"అత్తా, నీ అల్లుడు ఆడది! రెండూ ఆడవే. అవన్నీ వట్టి గుడ్లు. పద, ఆయన చేత క్షమాపణ చెప్పిద్దాం."

అత్త నవ్వబోయి ఆగింది. "అయితే వాటిని విడదీస్తారేమిట్రా?"

వాడికి ఆ ఆలోచనే రాలేదు. రెక్కలు విరిగి వచ్చినప్పుడు ఒకదాని పక్కన ఒకటి ఉంటే తప్ప మేత ముట్టని పక్షులవి.

అనుకున్నట్టే అయింది. అధికారి ఫలితం చూసి తల గోక్కుని, "పొరపాటైంది. రేపట్నుంచి మీ పంజరాలు మీరే చూసుకోండి. వీటిని వేరుచేసి చెరో మగదాన్ని తెప్పిస్తాను," అన్నాడు.

"కాస్త ఆగండి బాబూ. ఆ చివరి పంజరంలో మగదానితో ఉన్నది గుడ్డు పెట్టి, పొదగకుండా ఊరేగుతోంది. ఆ గుడ్డు వీటికిచ్చి చూద్దాం. పిల్ల కాకపోతే మీ ఇష్టం."

గుడ్డు ఇచ్చారు. చాలా రోజుల తర్వాత ఓ మధ్యాహ్నం మేనల్లుడు వెళ్లేసరికి అత్త పంజరం బయట పీట మీద కూర్చుని ఉంది.

"ఇంతకీ ఆయన నలుగురిలో క్షమాపణ చెప్పాడా లేదా?" అని గట్టిగా అడిగాడు.

"గొంతు తగ్గించరా నాయనా. ముగ్గురూ ఇప్పుడే పడుకున్నారు."